నెలకు ఇంకో వంద కడితే పాట బాగా వినపడుతుందా?

పోయిన నెల మా బావగారు ఫోన్ చేశారు. "స్పాటిఫైకి నెలకు 199 కడుతున్నాను. 299 ప్లాన్ తీసుకుంటే లాస్‌లెస్ ఇస్తారట. తీసుకోమంటావా?" అని అడిగారు. "ఎందులో వింటున్నారు బావగారూ?" అన్నాను. మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ అట. "అయితే ఆ వంద అప్పుడే కట్టకండి. ఆదివారం వస్తాను, కూర్చుని చూద్దాం" అని చెప్పాను.

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరం మూడు గంటలకు పైగా కూర్చున్నాం. ఒక ల్యాప్‌టాప్, వైరున్న హెడ్‌ఫోన్స్ ఒక జత, ఆయన బీరువాలో దాచుకున్న పాత సీడీలు కొన్ని, రెండు ఫోన్లు. అక్కడ మేం చూసింది, అంతకుముందు నాకు తెలిసింది కలిపి రాస్తున్నాను. ఏ యాప్ తీసుకోవాలి, ఏ ప్లాన్ సరిపోతుంది అని తేల్చుకోలేకపోతున్నవాళ్లకు పనికొస్తుంది.

అసలు మనకు అమ్ముతున్నదేమిటి

సీడీలో ఉన్న పాట సెకనుకు 1411 కిలోబిట్లు. 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసి, అలాంటివి రెండు చెవులకూ రెండు వరసలు పెడితే వచ్చే లెక్క అది. మనుషుల చెవి పట్టుకోగలిగే పై హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్. 44.1 కిలోహెర్ట్జ్ తీరున, అంటే సెకనుకు 44,100 సార్లు కొలిస్తే, 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమంతా అందులో పట్టేస్తుంది. అందుకే సీడీ ఆ కొలత దగ్గర ఆగింది.

ఈ మొత్తాన్ని ఫోనుకు పంపాలంటే డేటా చాలా ఖర్చవుతుంది. కాబట్టి యాప్‌లు పాటను కుదిస్తాయి. కుదించడం రెండు రకాలు. ఒక రకంలో శబ్దాన్ని కొంత పారేస్తారు. తవిల్ గట్టిగా మోగుతున్న క్షణంలో పక్కనే ఉన్న తంబూరా నాదం మన చెవికి సరిగా అందదు. అలా పెద్ద శబ్దం చాటున దాగిపోయే వాటిని లెక్కగట్టి తీసేస్తారు. ఎమ్‌పీ3, ఏఏసీ, ఆగ్ వోర్బిస్, ఓపస్ అన్నీ ఈ పద్ధతివే. రెండో రకంలో ఏమీ పారేయరు. జిప్ ఫైల్ లాగా మడతపెట్టి పంపుతారు, మన దగ్గర విప్పితే చుక్క తేడా లేకుండా మొదటి పాటే వస్తుంది. దాన్నే లాస్‌లెస్ అంటున్నారు. ఫ్లాక్, ఆలాక్ అనే పేర్లు కనిపిస్తే ఇదేనని అర్థం.

పారేసే పద్ధతిలో పారేయగా సెకనుకు ఎన్ని కిలోబిట్లు మిగిల్చారు అన్నదే బిట్‌రేట్. 96 అంటే చాలా పారేశారు. 160 అంటే ఓ మోస్తరు. 256, 320 అంటే చెవికి తెలిసేది దాదాపు ఏమీ పారేయలేదు. ప్లాన్ల ధరల్లో తేడాకు ఈ అంకె కూడా ఒక కారణం.

ఏ యాప్ ఏమిస్తోంది

స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. లాస్‌లెస్ ఇస్తామని 2021లో ప్రకటించి, నిజంగా ఇచ్చింది మాత్రం 2025 సెప్టెంబర్‌లో. అది 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫ్లాక్. 2025 నవంబర్‌లో మన దేశంలో ప్లాన్లను మూడుగా విడగొట్టారు. 139 రూపాయల లైట్‌లో 160 దాకా, 199 స్టాండర్డ్‌లో 320 దాకా, 299 ప్లాటినమ్‌లో లాస్‌లెస్. ఇవి అప్పటి ధరలు, కట్టే ముందు యాప్‌లో ఒకసారి చూసుకోండి. అమెరికాలో మామూలు ప్రీమియమ్‌లోనే లాస్‌లెస్ కలిపి ఇచ్చారు. ఇక్కడ మాత్రం పై ప్లాన్‌కు వెళ్లాలి. డబ్బు కట్టకుండా వినేవాళ్లకు ఫోన్ యాప్‌లో 160 దాకా వస్తుంది. అంటే లైట్ ప్లాన్ కడితే యాడ్స్ బాధ తగ్గుతుందే కానీ ధ్వని ఉచితంగా వచ్చేదాని కంటే పెరగదు. ఇది చాలామంది గమనించరు. పైగా లైట్‌లో డౌన్‌లోడ్ కూడా లేదు.

యాపిల్ మ్యూజిక్‌లో ఉచిత ప్లాన్ లేదు. కానీ 2021 జూన్ నుంచి ఏ ప్లాన్ తీసుకున్నా లాస్‌లెస్ అందులోనే ఉంది, వేరే ధర లేదు. విద్యార్థి ప్లాన్ అయినా, ఫ్యామిలీ ప్లాన్ అయినా అంతే. సీడీ స్థాయి నుంచి 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. లాస్‌లెస్ ఆన్ చేయకపోతే 256 ఏఏసీ వస్తుంది. ఐఫోన్ ఉంటేనే పని చేస్తుందని చాలామంది అనుకుంటారు, ఆండ్రాయిడ్‌లోనూ ఈ యాప్ ఉంది, అందులోనూ లాస్‌లెస్ వస్తుంది.

యూట్యూబ్ మ్యూజిక్‌లో డబ్బు కడితే 256, లేకపోతే 128 దగ్గర ఆగుతుంది. లాస్‌లెస్ లేదు. కానీ దీనికో ప్రత్యేకత ఉంది, దాని గురించి కింద చెబుతాను. జియోసావన్ ప్రోలో 320 దాకా వస్తుంది. తెలుగు పాటలు వినడమే పనిగా పెట్టుకున్నవాళ్లకు అది కూడా చిన్న విషయం కాదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఎంచుకునే వీలు ఎక్కువ. అమెజాన్ మ్యూజిక్ అన్‌లిమిటెడ్‌లో 2021 నుంచి హెచ్‌డీ, అల్ట్రా హెచ్‌డీ (లాస్‌లెస్‌కు ఆ కంపెనీ పెట్టుకున్న పేర్లు) అదనపు ధర లేకుండానే వస్తున్నాయి. టైడల్ 2024లో తన ఖరీదైన ప్లాన్‌ను మామూలు ప్లాన్‌లో కలిపేసి ఒకే ధర పెట్టింది. కోబజ్ మొదటి నుంచీ నాణ్యత కోసం వినేవాళ్లనే చూసుకుని నడుస్తున్న సంస్థ. టైడల్, కోబజ్ మన దేశంలో అధికారికంగా లేవు. అక్కడుండి ఇవి తీసుకునేవాళ్లు ముందు ట్రయల్‌లో మీకిష్టమైన ఓ ఇరవై తెలుగు పాటలు వెతకండి. పాటే లేకపోతే 192 కిలోహెర్ట్జ్‌తో పనేముంది!

బ్లూటూత్ దగ్గర ఆగిపోయే లాస్‌లెస్

బావగారిని ఆపింది ఇందుకే. ఫోను దాకా పాట లాస్‌లెస్‌గానే వస్తుంది. అక్కడి నుంచి నెక్‌బ్యాండ్‌కు గాల్లో వెళ్లాలి. బ్లూటూత్‌కు అంత వెడల్పైన దారి లేదు. అందుకని ఫోను పాటను మళ్లీ కుదిస్తుంది. అన్నిటిలోనూ ఉండే ఎస్‌బీసీ అనే పద్ధతిలో 328 దాకా, ఏఏసీలో సుమారు 256. సోనీ తెచ్చిన ఎల్‌డాక్‌లో సిగ్నల్ బాగుంటే 990 దాకా వెళ్తుంది, అయినా సీడీ లెక్క 1411 కంటే అది తక్కువే. ఐఫోన్లలో ఎస్‌బీసీ, ఏఏసీ రెండే ఉంటాయి. ఎల్‌డాక్ ఉన్న ఖరీదైన హెడ్‌ఫోన్ కొని ఐఫోన్‌కు పెట్టుకుంటే ఆ ఎల్‌డాక్ పని చేయదు. ఆప్టెక్స్ లాస్‌లెస్ అనే కొత్త పద్ధతి ఒకటుంది. అయితే ఫోనూ, ఇయర్‌ఫోనూ రెండూ దానికి తయారుగా ఉండాలి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 320 పాటను బ్లూటూత్‌లో వింటే అది రెండుసార్లు కుదించినట్టు, లాస్‌లెస్ పాటను వింటే ఒక్కసారే కుదించినట్టు. కాబట్టి లెక్క ప్రకారం కొంచెం లాభం ఉంది. కానీ రెండువేల రూపాయల నెక్‌బ్యాండ్‌లో, బస్సులోనో మెట్రోలోనో కూర్చుని ఆ కొంచెం పట్టుకోగలిగినవాళ్లను నేను చూడలేదు. యాపిల్ కూడా తన సపోర్ట్ పేజీలో ఏఏసీకి, లాస్‌లెస్‌కు తేడా దాదాపు తెలియదనే రాసింది. లాస్‌లెస్ కోసం వైరు పెట్టుకోమని స్పాటిఫై చెబుతోంది.

వైరు అంటే ఇప్పటి చాలా ఫోన్లలో 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ రంధ్రం ఉండడం లేదు కదా. టైప్-సి నుంచి 3.5కు మార్చే చిన్న డాంగిల్ కొనుక్కోవాలి. కొనేటప్పుడు అందులో డాక్ ఉందో లేదో అడగండి. డాక్ అంటే అంకెల్ని శబ్దంగా మార్చే చిప్. అది లేని చవక డాంగిల్ చాలా ఫోన్లలో అసలు పని చేయదు. నేను ఒకసారి అలాగే మోసపోయాను. షాపులో "అన్నిటికీ పని చేస్తుంది సార్" అన్నారు, ఇంటికొచ్చి పెడితే చప్పుడే లేదు. యాపిల్ మ్యూజిక్‌లో 48 కిలోహెర్ట్జ్ దాటిన హై-రెస్ పాటలకైతే బయటి డాక్ తప్పనిసరి.

కారులో వినేవాళ్లకు ఇంకో దారి ఉంది. బ్లూటూత్ బదులు యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఆండ్రాయిడ్ ఆటోలోనో, కార్‌ప్లేలోనో పాట పెట్టండి. పాటను బ్లూటూత్ కుదించే బాధ పోతుంది. దీనికి ఒక్క రూపాయి అదనంగా కట్టక్కర్లేదు.

ముందు సెట్టింగ్స్ తెరవండి

బావగారి ఫోను తీసుకుని నేను మొదట చేసిన పని ఇది. 320 ఇచ్చే ప్లాన్‌కు డబ్బు కడుతున్నారు. లోపల చూస్తే స్ట్రీమింగ్ క్వాలిటీ "ఆటోమేటిక్"లో, డౌన్‌లోడ్ క్వాలిటీ "నార్మల్"లో ఉంది. స్పాటిఫైలో నార్మల్ అంటే 96. ఆయన రోజూ వినేది డౌన్‌లోడ్ చేసుకున్న పాటలే, ఉదయం నడకలో. అంటే ఇన్నాళ్లూ 320కి డబ్బు కట్టి 96 విన్నారు.

ఆయన మొహం చూస్తే నాకే బాధేసింది. యాప్‌లు డేటా ఆదా చేయడానికి ఇలా పెట్టి ఉంచుతాయి. మనం వెళ్లి మార్చుకోవాలి. వైఫైకి ఒకటి, మొబైల్ డేటాకు ఒకటి, డౌన్‌లోడ్‌కు ఒకటి, మూడూ విడివిడిగా ఉంటాయి. యాపిల్ మ్యూజిక్‌లోనూ లాస్‌లెస్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. స్పాటిఫై లాస్‌లెస్ అయితే ఒక్కో ఫోనులో, ఒక్కో ల్యాప్‌టాప్‌లో విడిగా ఆన్ చేయాలి. ఇంకో చిక్కు: డౌన్‌లోడ్ క్వాలిటీ పెంచాక పాత డౌన్‌లోడ్‌లు మారాయో లేదో చూసుకోవాలి. వాటిని తీసేసి మళ్లీ దించుకోవడం మంచిది.

ఈక్వలైజర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఎప్పుడో పెట్టిన "బాస్ బూస్టర్" అలాగే ఉండిపోయి గొంతులన్నీ మూసుకుపోయినట్టు వినపడుతుంటాయి.

డేటా లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. 320లో గంటకు సుమారు 144 ఎంబీ. 160లో 72. యాపిల్ చెప్పిన లెక్క ప్రకారం మూడు నిమిషాల పాట 256 ఏఏసీలో 6 ఎంబీ, 24 బిట్ 48 కిలోహెర్ట్జ్ లాస్‌లెస్‌లో 36 ఎంబీ, 192 కిలోహెర్ట్జ్ హై-రెస్‌లో 145 ఎంబీ. రోజుకు 1.5 జీబీ రీఛార్జ్ ఉన్నవాళ్లు లాస్‌లెస్‌లో రెండు గంటలు వింటే ఆ రోజు డేటా అయిపోతుంది. ఇంట్లో వైఫై ఉంటేనే లాస్‌లెస్ గురించి ఆలోచించండి. మొబైల్ డేటాకు 160 గానీ 320 గానీ పెట్టుకోండి.

చిడతలతో పరీక్ష

మీ చెవికి తేడా తెలుస్తుందా అన్నది నేను చెప్పలేను, మీరే తేల్చుకోవాలి. దానికి పద్ధతి ఉంది. ఏది ఏదో తెలిసి వింటే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. స్క్రీన్ మీద "లాస్‌లెస్" అన్న మాట కనిపించగానే పాట విచ్చుకున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి పేరు తెలియకుండా వినాలి.

బావగారి సీడీ నుంచి ఒక భజన పాటను ల్యాప్‌టాప్‌లోకి ఫ్లాక్‌గా ఎక్కించాను. దాన్నుంచే 128 ఎమ్‌పీ3 ఒకటి, 320 ఎమ్‌పీ3 ఒకటి తయారు చేశాను. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కు ఏబీఎక్స్ అనే చిన్న అదనపు భాగం దొరుకుతుంది. అది ఎ ఏదో, బి ఏదో వినిపించి, తర్వాత ఎక్స్ అని ఒకటి పెట్టి "ఇది ఎనా, బినా?" అని అడుగుతుంది. పది సార్లు చేయాలి. అయిదారు సరిగ్గా చెప్తే బొమ్మా బొరుసూ వేసినట్టే లెక్క. తొమ్మిదో పదో చెప్తే నిజంగా వినపడినట్టు. ఊహతో తొమ్మిది గానీ పది గానీ రావడమనేది నూటికి ఒక్కసారి జరిగే పని.

పాట ఎంపికలో ఒక రహస్యం ఉంది. తీయగా సాగే వయొలిన్, మెల్లటి ఆలాపన కుదించే యంత్రానికి సులువు. దానికి కష్టమైనవి చటుక్కున పుట్టి చటుక్కున ఆగే శబ్దాలు. ఐరోపాలో ఈ పద్ధతులు తయారు చేసినవాళ్లు క్యాస్టనెట్స్ అనే చెక్క వాయిద్యాన్ని పరీక్షకు పెట్టుకునేవారు. మన దగ్గర దానికి చుట్టం చిడతలు. హరిదాసు చేతిలో మోగుతాయే, అవి. తాళాలు, గజ్జెలు, కంజీర, ఘటం కూడా ఇలాంటివే. బాగా కుదించినప్పుడు దెబ్బ పడడానికి ముందే దాని నీడ లాంటి సన్నటి సరసర వినపడుతుంది. దెబ్బలో పదును పోయి తడిసిన చెక్క మీద కొట్టినట్టు ఉంటుంది. చప్పట్లు కూడా అంతే. కచేరీ రికార్డింగ్‌లో చివర చప్పట్లు వానజల్లులా వినపడుతున్నాయంటే బిట్‌రేట్ తక్కువని అర్థం.

బావగారు 128కి, ఫ్లాక్‌కు మధ్య పదికి తొమ్మిది పట్టేశారు. మొదట్లో ఒకసారి తప్పారు, చిడతల దగ్గర చెవి పెట్టాలని తెలిశాక ఇక తప్పలేదు. 320కి, ఫ్లాక్‌కు మధ్య ఆరు. నాకు అయిదు. నేను ఏళ్లుగా శ్రద్ధగా వింటున్నవాణ్ణి, మంచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను, గది నిశ్శబ్దంగా ఉంది. అయినా అయిదే. 2015లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ ఇలాంటి పరీక్షే తన సైట్‌లో పెట్టింది. ఆరు పాటలు, ఒక్కోటి 128, 320, కుదించనిది అని మూడు రూపాల్లో. మీరూ ప్రయత్నించవచ్చు, సరదాగా ఉంటుంది.

రెండు యాప్‌ల మధ్య పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొంచెం గట్టిగా వినపడిందే మన చెవికి బాగున్నట్టు తోస్తుంది. ఒక్కో యాప్ పాటల వాల్యూమ్‌ను ఒక్కో స్థాయికి సర్దుతుంది. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ దగ్గర పెడుతుంది, యాపిల్ సౌండ్ చెక్ మైనస్ 16 దగ్గర. లఫ్స్ అంటే శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత. "ఆ యాప్‌లో పాటకు దమ్ముంది, ఇందులో చప్పగా ఉంది" అని మనవాళ్లు చేసే వాదనల్లో చాలా భాగం ఈ రెండు డెసిబెల్స్ తేడానే అని నా నమ్మకం. వాల్యూమ్ చేత్తో సరిచేసి మళ్లీ వినండి. డాల్బీ అట్మాస్ ఉంటే పోల్చేటప్పుడు ఆపేయండి. అది అదే పాటకు వేరేగా చేసిన మిక్స్, దాన్నీ స్టీరియోనూ పక్కపక్కన పెట్టి నాణ్యత తేల్చడం కుదరదు.

పాత పాటల సంగతి

తెలుగు వినేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అని నాకనిపిస్తుంది, ఎందుకో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఘంటసాల పాడిన రోజుల్లో సినిమా పాటలు మోనోలో రికార్డయ్యాయి. ఒకటే ట్రాక్, రెండు చెవులకూ ఒకటే శబ్దం. ఆనాటి మైకులు, ఫిల్ము మీది సౌండ్, గ్రామఫోన్ రికార్డులు అన్నీ కలిసి పై స్వరాలను కొంత మేరకే పట్టుకున్నాయి. అలాంటి పాటను 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో పెట్టినా అందులో లేని శబ్దం పుట్టదు. ఆ గొంతులోని బరువు 160లో కూడా చక్కగా అందుతుంది.

తేడా వచ్చేది ఎక్కడంటే, ఆ పాటను ఏ టేపు నుంచి తీశారు, ఎవరు శుభ్రం చేశారు అన్న దగ్గర. బావగారి దగ్గర ఒకే యాప్‌లో ఒకే పాత పాట మూడు ఆల్బమ్‌లలో దొరికింది. అసలు సినిమా ఆల్బమ్ ఒకటి, "ఆణిముత్యాలు" తరహా సంకలనం ఒకటి, గాయకుడి పేరుతో వచ్చిన సంకలనం ఇంకొకటి. మొదటిదాంట్లో టేపు రొద సన్నగా ఉంది కానీ గొంతు ఎదురుగా నిలబడి పాడినట్టుంది. రెండోదాంట్లో రొద తీసేయబోయి గొంతు మీద దుప్పటి కప్పేశారు. మూడోదాంట్లో మోనోను బలవంతంగా స్టీరియో చేసి, వీణ ఒక చెవిలో తేలుతూ, గొంతు అటూ ఇటూ ఊగుతోంది. మూడూ ఒకే బిట్‌రేట్‌లో విన్నాం. ఆ మూడింటి మధ్య తేడా చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేకపోయింది. మా అక్కయ్య వంటింట్లోంచి వింటూనే "మొదటిదే బాగుందిరా" అంది.

కాబట్టి ఇష్టమైన పాత పాట ఏదైనా పేలవంగా వినపడితే ప్లాన్ మార్చకండి, ఆల్బమ్ మార్చి చూడండి. వేరే యాప్‌లోనూ వెతకండి. లాస్‌లెస్ అన్న ముద్ర పెట్టె గురించి చెబుతుంది, పెట్టెలో ఏం పెట్టారో చెప్పదు. ఎమ్‌పీ3ని ఫ్లాక్‌గా మార్చి ఎక్కించినా దానికీ ఆ ముద్ర పడుతుంది.

యూట్యూబ్ మ్యూజిక్ ప్రత్యేకత కూడా ఇక్కడే. అందులో కంపెనీలు పెట్టిన పాటలతో పాటు జనం ఎక్కించిన వీడియోల శబ్దమూ దొరుకుతుంది. ఇంకెక్కడా దొరకని హరికథలు, బుర్రకథలు, పాత నాటకాల పద్యాలు, గుళ్లో జరిగిన నాదస్వర కచేరీలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఎవరో ఇంట్లో క్యాసెట్ నుంచి తీసి ఎక్కించినవి. అక్కడ 128కి, 256కి తేడా వెతకడం దండగ. కానీ ఆ పద్యం వినాలంటే వేరే చోటు లేదు. ధ్వని కోసం అయితే దీన్ని ఎంచుకోమని చెప్పను. పాత తెలుగు సంపద కోసం అయితే తప్పకుండా ఉంచుకోమంటాను.

ఇక కర్ణాటక కచేరీలు, 1980ల తర్వాత పూర్తి ఆర్కెస్ట్రాతో స్టీరియోలో చేసిన పాటలు, ఇప్పుడు విడుదలవుతున్నవి, ఇవి వేరే కథ. వీటిలో వివరం చాలా ఉంటుంది. వీటికి 320 కంటే తగ్గొద్దు. మంచి స్పీకర్లు ఉంటే లాస్‌లెస్ పెట్టుకోండి, ఆ డబ్బు వృథా అనను.

ఎవరికి ఏది

రోజూ ప్రయాణంలో, నడకలో, పనిలో బ్లూటూత్ పెట్టుకుని వినేవాళ్లకు 320 గానీ 256 గానీ ఇచ్చే ప్లాన్ ఏదైనా చాలు. స్పాటిఫై స్టాండర్డ్, జియోసావన్ ప్రో, యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియం మధ్య ధ్వని చూసి ఎంచుకోవాల్సిన పని లేదు. మీరు వినే పాటలు ఎందులో ఎక్కువ ఉన్నాయి, మీ రీఛార్జ్‌తో ఏది కలిసి వస్తోంది, ఏ యాప్ చేతికి అలవాటైంది, అదే చూసుకోండి. ఒకసారి అలవాటైన యాప్ మూతపడితే కష్టం అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2024లో రెస్సో పోయింది, వింక్ పోయింది. ఏళ్లుగా కూర్చుకున్న ప్లేలిస్టుల పేర్లయినా ఒకచోట రాసిపెట్టుకోండి.

ఇంట్లో ఆంప్లిఫయర్, స్పీకర్లు ఉండి, సాయంత్రం కూర్చుని పాట కోసమే పాట వినేవాళ్లయితే లాస్‌లెస్ తీసుకోండి. అప్పుడు నా ఓటు యాపిల్ మ్యూజిక్‌కు. లాస్‌లెస్ కోసం వేరే మెట్టు ఎక్కించకుండా అన్ని ప్లాన్లలోనూ ఇస్తోంది కాబట్టి. అయితే ఇంట్లో ముగ్గురు స్పాటిఫైకి అలవాటు పడి ఉంటే ప్లాటినమ్‌లో మూడు ఖాతాలు వస్తాయి, తలకు వంద పడుతుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది. వైఫై స్పీకర్ ఉన్నవాళ్లు బ్లూటూత్‌లో కాకుండా వైఫైలో పాట పంపండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్ స్పీకర్‌లో పాత పాటలు వింటుంటే వాళ్లకు ప్లాన్ మార్చొద్దు. ఒక మంచి చిన్న స్పీకర్ కొనిపెట్టండి. వయసు పెరిగేకొద్దీ చెవి మొదట వదిలేసేది పై స్వరాలనే, బిట్‌రేట్ తగ్గించినప్పుడు మొదట పోయేవీ అవే. వాళ్లకు కావలసింది మాట స్పష్టంగా, గొంతు నిండుగా వినపడడం. అది స్పీకర్ వల్ల వస్తుంది.

చేతిలో వెయ్యి, రెండు వేలు ఉండి ఏది ముందు కొనాలని అడిగితే నేను చెప్పే వరస ఇది. మొదట సెట్టింగ్స్, దానికి ఖర్చు లేదు. తర్వాత వైరున్న మంచి ఇయర్‌ఫోన్, డాక్ ఉన్న డాంగిల్. ఆ రెండూ ఒక నెల వాడాక, పైన చెప్పిన పరీక్ష చేసుకుని, 320కి, ఫ్లాక్‌కు మధ్య మీ చెవి తొమ్మిదో పదో చెబితే అప్పుడు లాస్‌లెస్ ప్లాన్. ఏడాదికి కట్టే అదనపు 1200తో ఒక మంచి ఇయర్‌ఫోన్ వస్తుంది, అది మీరు వినే ప్రతి పాటనూ మారుస్తుంది.

బావగారు ప్లాన్ మార్చలేదు. 199లోనే ఉండి, సెట్టింగ్స్ మార్చి, పాత డౌన్‌లోడ్‌లన్నీ తీసేసి మళ్లీ దించుకున్నారు. నడకకు నెక్‌బ్యాండే. రాత్రిళ్లు వినడానికి వైరుది ఒకటి కొన్నారు. మొన్న ఫోన్ చేసి, ఎప్పుడో విన్న కచేరీలో మృదంగం వెనక ఘటం కూడా ఉందని ఇప్పుడే తెలిసిందని చెప్పారు.